కడుపులో పుండ్లు, చెట్టుమందులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అల్సర్ గురించే. అందులోనూ ఫలానా ఆకు, ఫలానా వేరు కడుపును కాపాడుతుందని చదివాం, వాడొచ్చా అన్నదే ఎక్కువమంది సందేహం. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ఎండోస్కోపీ చేసి జీర్ణాశయంలో పుండు ఉందన్నారు. ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్రలు రాశారు. మాత్రలు అక్కర్లేదు, అతిమధురం చూర్ణం రెండు పూటలా చెంచాడు తేనెలో కలిపి ఇస్తే చాలని మా మేనమామ పట్టుబడుతున్నారు. అమ్మకు బీపీ ఉంది, నీరు పోయే మాత్ర కూడా రోజూ వేసుకుంటుంది. ఏం చేయమంటారు? (ఖమ్మం)

జవాబు: మీ అమ్మగారికి ఆ చూర్ణం ఇవ్వకండి. మేనమామ గారి మాటలో కొంత నిజం ఉంది. అతిమధురం వేరుకు కడుపు లోపలి జిగురు పొరను పెంచే గుణం ఉంది. దాన్నుంచి తయారుచేసిన కార్బెనోక్సోలోన్ అనే మందును 1960లలో బ్రిటన్‌లో అల్సర్ రోగులకు డాక్టర్లే రాసేవారు, పుండ్లు మానేవి కూడా. అయితే అది వాడినవాళ్లలో చాలామందికి కాళ్లవాపులు వచ్చాయి, బీపీ పెరిగింది, రక్తంలో పొటాషియం పడిపోయింది. 1976లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ అనే మందు రావడంతో ఆ మందు వెనకబడింది.

ఆ చెడు మీ ఇంట్లోని చూర్ణంలోనూ ఉంది. వేరుకు తీపినిచ్చే గ్లైసిరైజిన్ మూత్రపిండాల్లో కార్టిసాల్‌ను అణచే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. మీ అమ్మగారు వేసుకునే నీటి మాత్ర కూడా చాలా రకాల్లో పొటాషియాన్ని బయటికి పంపేదే. రెండూ కలిస్తే కండరాలు పట్టు తప్పుతాయి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది.

లెక్క చూడండి. చెంచా చూర్ణం సుమారు 3 గ్రాములు, రెండు పూటలకు 6 గ్రాములు. వేరులో గ్లైసిరైజిన్ 4 శాతం ఉందనుకుంటే రోజుకు 240 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. రోజూ తినేవాళ్లకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్‌లో ఆహార నిపుణులు హద్దు పెట్టారు. పైగా ఈ పదార్థం ఒక్కో వేరులో ఒక్కోలా, కొన్నిటిలో 10 శాతం దాకా ఉంటుంది. కొట్టులో పొట్లం కట్టిచ్చే చూర్ణంలో ఎంతుందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

గ్లైసిరైజిన్ తీసేసిన అతిమధురం బిళ్లలు దొరుకుతాయి, డీజీఎల్ అని రాసి ఉంటుంది. భోజనానికి 20 నిమిషాల ముందు నమిలి తినాలి, నమలకుండా మింగకూడదు. బీపీ ఉన్నవాళ్లకు ఇవి తక్కువ ముప్పు. అవైనా మంటకు ఉపశమనం కోసమే, పాంటోప్రజోల్‌కు బదులుగా కాదు.

ఇంకో మాట, ఇది చూర్ణం కన్నా ముఖ్యం. జీర్ణాశయంలో పుండు కనిపించినప్పుడు దాని అంచు నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారా, పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ అనే క్రిమి ఉందేమో పరీక్ష చేశారా, రిపోర్టులో చూసుకోండి. సాధారణంగా 8 వారాల మందుల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేసి మానిందో లేదో చూస్తారు. కడుపు క్యాన్సర్ కొన్నిసార్లు మొదట్లో మామూలు పుండులాగే కనిపిస్తుంది, మాత్రలతో మంట తగ్గుతుంది కూడా. నొప్పి పోయింది కదా అని ఆ రెండో ఎండోస్కోపీ మానేయకండి.

ప్రశ్న: నేను బీఫార్మసీ విద్యార్థిని. మా ప్రాజెక్టు కోసం చదివిన ఒక వ్యాసంలో ఒక ఆకు నుంచి మెథనాల్ అనే ద్రావకంతో తీసిన సారం ఒంటి బరువు కిలోకు 200 మిల్లీగ్రాముల మోతాదులో ఎలుకల కడుపును పుండ్ల నుంచి చాలావరకు కాపాడిందని ఉంది. మరి అది మనుషులకు మందుగా ఎందుకు రావట్లేదు? మేం అలాంటి పరీక్షే చేస్తే ఎక్కడ జాగ్రత్తపడాలి? (విశాఖపట్నం)

జవాబు: మంచి ప్రశ్న. ఆ వ్యాసంలో పరీక్షా పద్ధతి భాగాన్ని ఇంకోసారి చదవండి. ఎక్కువ వ్యాసాల్లో తంతు ఇదే: 24 గంటలు పస్తు ఉంచిన ఎలుకకు ముందు ఆకు సారం గొట్టంతో పోస్తారు, గంటాగి 1 మిల్లీలీటరు శుద్ధ ఆల్కహాల్ పోస్తారు, మరో గంటకు ఎలుకను చంపి, కడుపును పెద్ద వంపు వెంట కోసి పరిచి, ఎర్రటి చారలను కొలుస్తారు. సారం ఇచ్చిన ఎలుకల్లో చారలు తక్కువుంటే రక్షణ ఉన్నట్టు రాస్తారు.

ఇక్కడ మందు ముందు పడింది, దెబ్బ తర్వాత తగిలింది. డాక్టరు దగ్గరికి వచ్చే రోగికి దెబ్బ ఎప్పుడో తగిలింది, వారాల తరబడి ఉన్న పుండు అది. దాన్ని మాన్పే శక్తి ఆ సారానికి ఉందా అన్నది ఈ పరీక్షలో తేలదు. అది తేలాలంటే అసిటిక్ ఆమ్లంతో పుండు చేసి, ఆ తర్వాత రోజుల తరబడి మందిచ్చి చూడాలి. 1969లో జపాన్‌లో టకాగి, ఓకాబె బృందం తెచ్చిన పద్ధతి అది. మీరు చదివే వ్యాసాల్లో ఎన్ని అంతదూరం వెళ్లాయో లెక్కపెట్టి చూడండి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. 1979లో అప్‌జాన్ కంపెనీ శాస్త్రవేత్త ఆంద్రె రాబర్ట్, ఆమ్లాన్ని తగ్గించకుండానే ప్రోస్టాగ్లాండిన్లు (ఒంట్లోనే తయారై కడుపు పొరను కాపాడే పదార్థాలు) ఎలుక కడుపును ఆల్కహాల్ నుంచి కాపాడతాయని చూపించారు. తర్వాత 1983లో ఆయన బృందమే, పలచటి ఆల్కహాల్ లాంటి స్వల్పంగా మండించే పదార్థం ముందుగా పోసినా అదే రక్షణ వస్తుందని చూపించింది. కొద్దిపాటి మంటకు కడుపు తనంతట తాను ప్రోస్టాగ్లాండిన్లు తయారుచేసుకుని సిద్ధంగా ఉంటుంది. అంటే మీ ఆకు సారం కడుపును కాస్త గిల్లినందువల్ల కూడా ఆ రక్షణ కనిపించవచ్చు! అందుకని ఒక గుంపు ఎలుకలకు ఆల్కహాల్ లేకుండా ఉత్త సారం ఇచ్చి కడుపు ఎర్రబడిందేమో చూడాలి. ఈ గుంపు లేని వ్యాసాలే ఎక్కువ. సారంలో మెథనాల్ జాడ మిగిలిపోయినా అదే తంటా, కాబట్టి బాగా ఆరబెట్టాలి.

టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువున్న ఆకులు, బెరళ్లు కడుపు పైపొరలోని ప్రొటీన్లను గట్టిపరిచి తాత్కాలికంగా తెర కడతాయి. బంక ఎక్కువున్న సారాలైతే గంట తర్వాత కూడా కడుపులోనే ఉండి, పోసిన ఆల్కహాల్‌ను పలచబరుస్తాయి. రెండూ నిజమైన రక్షణే, కాని మాత్రగా మింగిన మనిషిలో అది అదే తీరున పనిచేస్తుందనుకోలేం.

పోల్చే మందు ఎంపికలోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. ఆల్కహాల్ చేసే గాయానికి ఆమ్లంతో పెద్ద పని లేదు. అక్కడ ఆమ్లాన్ని ఆపే ఒమెప్రజోల్‌తో పోల్చి, మా ఆకు దానికన్నా మెరుగని రాయడం సరికాదు. కడుపు పొరను కాపాడే మందులైన సుక్రాల్‌ఫేట్ లేదా మిసోప్రోస్టాల్‌తో పోల్చండి. పేగు మొదలు దారంతో కట్టే పద్ధతి వాడితే ఇంకో సంగతి గమనించండి: అందులో పుండ్లు ఎలుక కడుపు ముందు భాగంలో, గ్రంథులు లేని తెల్లటి సంచిలో వస్తాయి. ఆ భాగం మనిషి కడుపులో లేనే లేదు.

ఇక మోతాదు. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు 6.2తో భాగించడం ఆనవాయితీ. 200ను భాగిస్తే కిలోకు 32 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి 1.9 గ్రాముల సారం. వంద గ్రాముల ఎండాకు నుంచి 10 గ్రాముల సారం వస్తుందనుకుంటే, రోజుకు 19 గ్రాముల ఎండాకు కావాలి, పచ్చి ఆకైతే 80 నుంచి 100 గ్రాములు. పైగా మెథనాల్‌లో దిగేవన్నీ ఇంట్లో కాచే కషాయంలోకి దిగవు. ఆకును నాలుగు గ్లాసుల నీళ్లలో మరిగించి తాగినవాళ్లకు ఆ వ్యాసంలోని మందు అందినట్టు కాదు.

దారి మూసుకుపోయిందని నిరాశపడకండి. దక్షిణ కొరియాలో మాచిపత్రి జాతి మొక్క సారాన్ని అందులోని యూపటిలిన్ అనే పదార్థం మోతాదుకు కట్టుబడి తయారుచేసి, రోగుల మీద పరీక్షించి, స్టిల్లెన్ పేరుతో 60 మిల్లీగ్రాముల మాత్రగా తెచ్చారు. జీర్ణాశయపు వాపుకు అక్కడ డాక్టర్లు రాసే మందు అది. ఇక్కడా ఆ స్థాయి పని జరగాలనే మా కోరిక.

ప్రశ్న: మా వైపు కూర అరటికి కొదవలేదు. పచ్చి అరటి పొడి కడుపుపుండుకు మంచిదంటారు. నిజమా? ఇంట్లో ఎలా చేసుకోవాలి? (రావులపాలెం)

జవాబు: చెట్టుమందుల్లో మాకు బాగా నమ్మకం కలిగించిన వాటిలో ఇదొకటి. బనారస్ హిందూ యూనివర్సిటీ పరిశోధకులు దశాబ్దాల పాటు దీని మీద పనిచేశారు. కడుపు పొరలో కణాలు పెరగడం, జిగురు ఎక్కువ కావడం ఎలుకల్లో చూపించారు. ఆ గుణాన్నిచ్చే ల్యూకోసయనిడిన్ అనే పదార్థాన్ని కాయ నుంచి తర్వాత వేరుచేశారు. పచ్చి కాయలో కనిపించిన ఈ గుణం పండిన అరటిపండులో కనిపించలేదు. మనుషుల మీద జరిగినవి చిన్న పరిశోధనలే, అవీ ఎక్కువగా పుండు లేని మంటకు సంబంధించినవి.

బాగా ముదిరి, ఇంకా పసుపు తిరగని కూర అరటికాయలు తీసుకోండి. చేతికి నూనె రాసుకుని తొక్క తీసి, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందాన చక్రాలు కోసి, నిమ్మరసం పిండిన నీళ్లలో పది నిమిషాలు ఉంచితే నల్లబడవు. నీరు వంపేసి పలచటి గుడ్డ మీద ఒక్క వరుసగా పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి ఎండబెట్టండి. చక్రం విరిస్తే పెళుక్కున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. అలాంటివి మిక్సీలో వేసి డబ్బాలో పోస్తే వారంలో ముక్క వాసన పట్టి బూజు పడుతుంది, ఆ బూజు కాలేయానికి విషం. మబ్బు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. డ్రయ్యర్ ఉంటే 50 డిగ్రీలు దాటనివ్వకండి. తొక్క తీసిన కిలో కాయకు పావు కిలో పైచిలుకు, మహా అయితే 350 గ్రాముల పొడి వస్తుంది. జల్లించి, గాలి చొరని సీసాలో పెట్టుకుని రెండు నెలల్లో వాడేయండి.

రెండు చెంచాల పొడిని చల్లటి పలచని మజ్జిగలో కలిపి, భోజనానికి అరగంట ముందు రోజుకు రెండుసార్లు తీసుకోవచ్చు. ఉడికించి జావ కాచుకోవాల్సిన పని లేదు. మలబద్ధకం వస్తే సగానికి తగ్గించండి. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు వద్దే వద్దు. షుగరు ఉన్నవాళ్లు ఆ పూట అన్నం అంతమేరకు తగ్గించుకోవాలి. డాక్టరు రాసిన మాత్రలు మానకుండా ఇది అదనంగా వాడుకోండి.

ప్రశ్న: నాకు హెలికోబాక్టర్ పాజిటివ్ వచ్చింది. 14 రోజులు రోజుకు ఇన్ని యాంటీబయాటిక్‌లు మింగాలంటే భయంగా ఉంది. మూలికలతో ఆ క్రిమిని చంపలేమా? (కరీంనగర్)

జవాబు: గాజు పళ్లెంలో ఆ క్రిమిని చంపే మొక్కలు బోలెడున్నాయి: వెల్లుల్లి, పసుపు, అతిమధురం, లవంగం. కడుపులో ఆ క్రిమి జిగురు పొర అడుగున, ఆమ్లం తగలని చోట దాక్కుని ఉంటుంది. అక్కడికి తగినంత మందు చేరడమే కష్టం. జపాన్‌లో 48 మంది మీద చేసిన పరీక్ష 2009లో వెలువడింది. బ్రొకొలీ మొలకలు రోజుకు 70 గ్రాముల చొప్పున 8 వారాలు తిన్నవాళ్లలో క్రిమి ఉధృతి తగ్గింది. ఆపేసిన రెండు నెలలకు మళ్లీ మొదటికొచ్చింది. మొక్కలతో మాకు తెలిసిన అనుభవమంతా ఇంచుమించు ఇలాగే ఉంది: అణుగుతుంది, పోదు.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ క్రిమిని పెంచి చూపేదాకా అల్సర్ అంటే ఏళ్ల తరబడి తిరగబెట్టే జబ్బే. క్రిమి పోతే ఆ పుండు తిరగబెట్టడం బాగా తగ్గిపోతుంది. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది అందుకే. ఆ 14 రోజుల కోర్సు మీకు అంత మేలు చేస్తుంది. మధ్యలో ఐదో రోజున మానేస్తే, బతికిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి, రెండోసారి ఇంకా బలమైన మందులు కావాలి. నోరు చేదెక్కడం, విరేచనాలు మామూలే. అవి ఎక్కువైతే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి, మీ అంతట మీరు ఆపకండి. కోర్సులో మెట్రోనిడజోల్ ఉంటే మద్యం ముట్టకండి.

కోర్సు అయ్యాక కనీసం 4 వారాలాగి శ్వాస పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించుకోండి. పరీక్షకు ముందు రెండు వారాలు పాంటోప్రజోల్ లాంటివి ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని చూపిస్తుంది. ఆ రెండు వారాల్లో మంట పుడితే పైన చెప్పిన అరటి పొడి, మజ్జిగ, జెలుసిల్ లాంటి టానిక్ పనికొస్తాయి.

ప్రశ్న: మాది గుంటూరు. పచ్చడి లేనిదే ముద్ద దిగదు. కారం వల్లే అల్సర్ వచ్చిందని ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు.

జవాబు: కారం పుండును పుట్టిస్తుందనడానికి ఆధారం లేదు. 1995లో సింగపూర్‌లో ఆరోగ్యవంతులకు 20 గ్రాముల మిరప పొడి నీళ్లతో ఇచ్చి, తర్వాత 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి చూస్తే, మిరప తీసుకున్నప్పుడే కడుపు తక్కువ దెబ్బతింది. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ కడుపులోని నరాలను తట్టి రక్తప్రసారం పెంచుతుంది. ఇదంతా పుండు లేని కడుపు సంగతి. ఇప్పుడు మీకున్న పుండు మీద కారం పడితే మంట పెరుగుతుంది, పుండు మానేదాకా గొడ్డుకారం, ఊరగాయ తగ్గించండి. అసలు కారణం క్రిమా, నొప్పి మాత్రలా అన్నది తేల్చుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఒకాయన ఇచ్చే నాటు పొడి వాడుతున్నారు, అద్భుతంగా పనిచేస్తోంది. అది మూలికలే కదా, కడుపుకేమీ కాదుగా? (ఒంగోలు)

జవాబు: రెండు రోజుల్లో మోకాలి నొప్పి మాయమైందంటే ముందు అనుమానించాల్సిందే. లేబుల్ లేని ఇలాంటి పొడుల్లో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, స్టెరాయిడ్ కలిపి అమ్మడం పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. డైక్లోఫెనాక్ కడుపులో ప్రోస్టాగ్లాండిన్లను ఆపేస్తుంది. జిగురు పొర పలచబడి ఆమ్లం నేరుగా కండను తింటుంది. స్టెరాయిడ్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. ముఖం ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, షుగరు అకస్మాత్తుగా ఎక్కువ కావడం స్టెరాయిడ్ ఉన్నట్టు గుర్తులు. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, ఆ పొడి పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పెద్దవయసులో నొప్పి మాత్రల పుండు చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటుంది. మొదటిసారి తెలిసేది రక్తం పోయినప్పుడే. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే, కాఫీ పొడి లాంటి వాంతి అయితే, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఐరన్ మాత్రలకూ మలం నల్లబడుతుంది, కాని అంత జిగట, ఆ కంపు ఉండవు. పొట్ట చెక్కలా బిగిసి కదలలేని నొప్పి వస్తే పుండు చిల్లు పడిందేమో, అప్పుడు నోట్లో ఏమీ పోయకండి, కషాయం కూడా.

మరికొన్నిటికి క్లుప్తంగా

క్యాబేజీ రసం (నల్గొండ): 1949లో అమెరికా డాక్టరు గార్నెట్ చేనీ 13 మంది అల్సర్ రోగులకు రోజుకు లీటరు పచ్చి రసం తాగించి త్వరగా మానాయని రాశారు. పోల్చిచూడ్డానికి రసం తాగని గుంపు లేదు. తాగితే నష్టం లేదు, గ్యాస్ మాత్రం పట్టేస్తుంది.

చల్లటి పాలు (అనకాపల్లి): తాగిన వెంటనే హాయిగా ఉంటుంది. పాలలోని ప్రొటీన్, కాల్షియం కాసేపటికి ఆమ్లాన్ని ఇంకా ఊరిస్తాయి. రాత్రి పడుకునే ముందు గ్లాసుడు పాలు అలవాటుంటే మానేయడం మేలు.

కలబంద (నిజామాబాద్): ఆకు కోయగానే కారే పసుపుపచ్చని రసం విరేచనకారి. కోసిన ఆకును పావుగంట నిలబెట్టి అది కారిపోయాక, కడిగి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే తీయాలి. గర్భిణులు వాడొద్దు.

పసుపు (హైదరాబాద్): 2023లో థాయ్‌లాండ్ వైద్యులు పుండు లేని కడుపుమంటకు పసుపులోని కర్క్యుమిన్ ఒమెప్రజోల్‌తో సమానంగా ఉపశమనమిచ్చిందని ప్రచురించారు. పుండుకు అది వర్తించదు. మిరియాల సారం కలిపిన పసుపు గోలీలతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా తీసుకోవద్దు. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఈ భయం అక్కర్లేదు.

ప్రశ్న: పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, ఆపైన మూలికల చూర్ణం. ఏది ముందు, ఏది తర్వాత? (తిరుపతి)

జవాబు: లేవగానే థైరాయిడ్ మాత్ర, ఉత్త నీళ్లతో. అరగంటాగి గ్యాస్ మాత్ర, మరో అరగంటకు టిఫిన్. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని ఆపాలంటే వేసుకున్నాక తిండి పడాలి. రాత్రి అన్నం తిన్నాక వేసుకునేవాళ్లకు సగం పనే జరుగుతుంది. చూర్ణాల్లోని బంక, టానిన్లు మందులను పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు, కాబట్టి ఏ మాత్రకైనా చూర్ణానికి రెండు గంటల ఎడం, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉంచండి. సాయంత్రం 5 గంటల ప్రాంతం చూర్ణానికి అనువుగా ఉంటుంది. సుక్రాల్‌ఫేట్ టానిక్, ఐరన్, కాల్షియం కూడా థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు దూరంగానే ఉండాలి. గ్యాస్ మాత్ర కొత్తగా మొదలుపెట్టి ఉంటే 6 నుంచి 8 వారాల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చూపించుకోండి, థైరాయిడ్ మోతాదు కాస్త పెంచాల్సి రావచ్చు.